పరీక్షకు మంచి నీళ్ళు

కరెంటు రాకముందే సీసా నిండి ఉంది.

వసారా గట్టు మీద దాన్ని చూసి రేణుక మొదట సంతోషపడింది. పొద్దుటి నుంచి ఎండలో తిరుగుతున్న మనిషికి ఒక పని ముందే అయిపోయి కనిపిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. మూత బిగించి ఉంది, చీటీ మీద తేదీ ఉంది, తీసుకొని జీపెక్కితే చాలు. చెప్పులు విప్పి గట్టు మీద కూలబడి, కాసేపు కళ్ళు మూసుకున్న తర్వాత గాని అసలు సంగతి తట్టలేదు. ఈ వారం ఈ ఊరికి బోరు మోటారు నడిచే త్రీ ఫేజ్ కరెంటు మధ్యాహ్నం రెండు దాటాకే ఇస్తారు. ఇప్పుడు ఇంకా పన్నెండున్నర.

రేణుక కొండ అవతలి రాగి గనిలో పర్యావరణ విభాగం సహాయకురాలు. మార్కాపురంలో బీఎస్సీ చదివి, పదిహేనేళ్ళు ఇల్లూ పిల్లలూ చూసుకొని, పందొమ్మిది నెలల కిందట కాంట్రాక్టు మీద చేరింది. గని చుట్టూ ఉన్న ఊళ్ళలో నెలకోసారి నీళ్ళు పట్టి పరీక్షకు పంపడం ఆమె పని. రాయిని నూరి రాగి తీసుకోగా మిగిలిన బూడిదరంగు బురదను గనివాళ్ళు ఒక పెద్ద కట్ట వెనక వదులుతారు. ఆ కట్టకు పల్లంలో, పరీక్షించడానికి ఉన్నది ఈ ఇంటి బోరు ఒక్కటే. మిగతా చోట్ల చేతిపంపులూ కుళాయిలూ కాబట్టి తన చేత్తోనే పడుతుంది. ఈ బోరుకు మాత్రం జీపు వచ్చే వేళకు కరెంటు ఉండదు. అందుకని పొద్దున సీసా ఇచ్చిపోవడం, సాయంత్రం వచ్చి తీసుకుపోవడం అలవాటైంది. ఈ రోజు ఆఫీసులో తొందరపెట్టడం వల్ల మధ్యాహ్నమే వచ్చింది.

"పెద్దమ్మా, కరెంటు రాలేదు గదా, సీసా ఎట్ల నిండింది?"

లోపల కంచంలో అన్నం పెడుతున్న ఇంటావిడ వెంకటసుబ్బులమ్మ తల తిప్పలేదు. "నువ్వట్ల పోయినావు, నేనిట్ల నింపినా. దానికి కరెంటుతో ఏం పని?"

"నిన్న తొట్టిలో పట్టిన నీళ్ళా?"

"ఛీ! బర్రెలు మూతి పెట్టే నీళ్ళు నీకిస్తానా? తాగను కొనే డబ్బాలోవి పోసినా. పొద్దున్నే ఆటోలో వచ్చిన కొత్త డబ్బా."

రేణుక లేచి గడప దగ్గరికి వచ్చింది. "ఈ ఒక్క నెలేనా?"

"అన్ని నెలలూ అంతే. ఎక్కడో పెద్దాఫీసర్లు చూస్తారంటివి. బోరు నీళ్ళు పంపితే, ఈ ఇంట్లో ఆడమనిషి ఇట్లాంటి నీళ్ళు వాడతాదా అనుకోరా? రెండు గంటలు మంటపెట్టినా కందిపప్పు ఉడకదు ఆ నీళ్ళల్లో. తలకు పోసుకుంటే జుట్టు చీపురుకట్ట. నా పరువేం గాను?"

మంచం మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటున్న ఆమె మొగుడు పిచ్చయ్య నవ్వాడు. "ఆ సీసాను పెండ్లికూతుర్ని చేసినట్టు చేసి పంపుతాదమ్మా. పందొమ్మిది నెలల్లో నా మొగం వైపు మటుకు ఒక్కనాడు అంత శ్రద్ధగా చూళ్ళే."

"నీ మొగం పరీక్షకు పోతాదా ఏంది?" అంది ఆమె. "కూర్చో రేణుకమ్మా, తిను. పప్పు మెత్తగా ఉంది చూడు, డబ్బా నీళ్ళతో చేసిందే."

రేణుక కూర్చుంది. ముద్ద కలుపుతూ పాత అంకెలు గుర్తు చేసుకుంది. ఆ బోరు తాలూకు కాఠిన్యం, అంటే నీళ్ళలో సున్నపు ఉప్పుల లెక్క, ప్రతి నెలా నలభై దగ్గరే ఉంటుంది. చేరిన రెండో నెలలోనే ఆ అంకె చూసింది. చుట్టుపక్కల ఎక్కడ పట్టినా ఐదారు వందలకు తగ్గని నీళ్ళు ఈ ఇంట్లో ఇంత తేలికగా ఎలా ఉన్నాయనుకుంది, అదృష్టవంతులు అని కూడా అనుకుంది. ఫారంలో పరిమితి దాటిందా లేదా అన్న గడిలో లేదని రాసి పేజీ తిప్పింది. గిన్నె అంచు మీద తెల్లచార చూసి నీళ్ళెలాంటివో చెప్పగలిగిన మనిషి, కాగితం మీద అదే సంగతి కనబడితే పోల్చుకోలేదు. కాదు, పోల్చుకోవాలనుకోలేదు.

"నాకు ఒక్క మాట చెప్పకపోతివే పెద్దమ్మా."

"నువ్వు నీళ్ళు నింపమన్నావు. ఏ నీళ్ళో చెప్పినావా?"

నిజమే, చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆమెకు తోచలేదు.

బయట జీపు హారను మోగింది. డ్రైవరు సతీష్ తల బయటపెట్టి అరిచాడు. "అక్కా, ప్రకాశరావు సారు రెండుసార్లు ఫోన్ చేసినారు. సీసా నిండింది గదా, ఇంక దేనికి కూర్చున్నావు?"

"అది ఈ బోరుది కాదు సతీష్. తక్కిన సీసాలు తీసుకొని నువ్వు పో. నేను ఆటోలో వస్తా."

"ఈ ఎండకు ఆటో ఏడ దొరుకుతాది నీకు?"

"దొరికినప్పుడే వస్తా, పో."

కరెంటు మూడింటికి పావుగంట ముందు వచ్చింది. మోటారు పది నిమిషాలు నడిపించి, సీసాలోవి పారబోసి మూడుసార్లు కడిగి, రేణుక తన చేత్తో నీళ్ళు పట్టింది. వెంకటసుబ్బులమ్మ పక్కనే నిలబడి, చెడిన సరుకును చుట్టాలకు చూపిస్తున్నట్టు మొహం చిన్నబుచ్చుకొని చూసింది.

గనికి చేరేసరికి అయిదైంది. కాఠిన్యం అక్కడి గదిలోనే చూడవచ్చు. మందు చుక్క చుక్కగా వదులుతూ, నీళ్ళు నేరేడుపండు రంగు నుంచి నీలంలోకి తిరిగేదాకా చూస్తూ నిలబడింది. చాలాసేపటికి గాని తిరగలేదు. రెండోసారి కూడా చేసింది. ఏడు వందల ఇరవై. నీళ్ళు కఠినంగా ఉన్నంత మాత్రాన అది గని తప్పు కాదు, ఈ నేలే అలాంటిది. రాగి, సీసం ఉన్నాయో లేవో బయటి ల్యాబు చెప్పాలి, దానికి రెండు వారాలు పడుతుంది. ఈ రోజుకు తేలింది ఒకటే. ఇన్నాళ్ళూ పంపినవి ఆ బోరు నీళ్ళు కావు.

ఆ బోరు పాత అంకెలన్నీ కొట్టేయాలని ఆమె రాసిచ్చిన కాగితాన్ని మేనేజరు ప్రకాశరావు కళ్ళద్దాలు పైకి నెట్టి చదివాడు, దించి మళ్ళీ చదివాడు. ఏడాదిలో రిటైరయ్యే మనిషి. కోప్పడడానికి కూడా ఓపిక ఉన్నట్టు లేదు.

"ఆర్నెల్ల నివేదిక ఎల్లుండి కాలుష్య బోర్డుకు పోవాల. ఈ నెల అంకె ఒక్కటి కొత్తది వేద్దాం. వానల్లేక నీళ్ళు లోతుకు పోయినాయని కింద ఒక మాట రాసేయి."

"వానల్లేకపోతే నలభై కాస్తా ఏడు వందలవుతాదా సార్?"

"ఎవరు చదువుతారు రేణుకా? నేను చదివినానా? పందొమ్మిది నెలలు నీ కింద నేనూ సంతకం పెట్టినా గదా." కాగితం బల్ల మీద పెట్టాడు. "ఇంతకీ తప్పు ఎవరిదని రాసినావు? ఆ ముసలమ్మదా?"

"నాదనే రాసినా సార్. నీళ్ళు నేను పట్టలేదు."

"మార్చిలో నీ కాంట్రాక్టు అయిపోతాది."

"తెలుసు సార్."

"ఈ నెలలన్నీ కొట్టేస్తే, ఆ కట్ట కింద నీళ్ళు ఎట్లున్నాయో మనకు ఒక్క ముక్క తెలియదని ఒప్పుకున్నట్టు. అది తెలుసా?"

"రాసింది అదే సార్."

ఆయన సంతకం పెట్టలేదు, చించనూ లేదు. తర్వాత చూద్దామన్నాడు. తర్వాత అంటే ఆ కాగితం సొరుగులోకి పోవడమేనని రేణుకకు తెలుసు. రెండో ప్రతిని తపాలా గదికి తీసుకుపోయింది. "బ్యాగు సర్దుకున్నాక తెస్తావా అక్కా" అని గొణుగుతూనే గుమస్తా కవిత దాని మీద ముద్ర వేసి, నంబరు రాసి, రిజిస్టరులో ఎక్కించింది. ఇక ఆ కాగితం లేదనడం ఎవరికీ కుదరదు. రేణుకకు గర్వంగా ఏమీ అనిపించలేదు. నడుము నొప్పిగా ఉంది, ఆఖరి బస్సు తప్పిపోకూడదు, అంతే.

మరునాడు ఆదివారం. అయినా ఆమె ఆ ఊరికి వెళ్ళింది. వసారాలో నిలబడే చెప్పింది.

"ఫలితం వచ్చేదాకా ఆ నీళ్ళు వాడొద్దు పెద్దమ్మా. బర్రెలకు గూడా తాపొద్దు."

"చెడ్డవా?"

"తెలియదు."

"తెలియకనే వద్దంటావా?" పిచ్చయ్య మంచం మీద నుంచి లేచాడు. "ఇన్నాళ్ళు బాగున్నాయంటివి గదమ్మా."

"అది డబ్బా నీళ్ళ సంగతి నాయనా."

వెంకటసుబ్బులమ్మ మెట్టు మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది. "డబ్బా నీళ్ళు రెండు బర్రెలకు ఎన్నని పోస్తాం? కంపెనీ ట్యాంకరు పంపదా?"

"పొద్దున సారుకు ఫోన్ చేసి అడిగినా. పంపితే నీళ్ళు చెడ్డవని మనమే చెప్పినట్టయితాదన్నాడు. రేపు మళ్ళీ అడుగుతా."

"రేపటిదాకా వాటి గొంతులు ఆగుతాయా?"

కట్టకు ఎగువన కాటమరాజు బోరు ఉందని, అక్కడ ట్యాంకు కుళాయి దగ్గర ప్రతి నెలా తానే నీళ్ళు పడుతుందని, అవి బాగున్నాయని రేణుక చెప్పింది.

"వాడి గడపా?" పిచ్చయ్య మొహం తిప్పుకున్నాడు. "గట్టు జరిపినాడని పంచాయతీ పెట్టినప్పటి నుంచి వాడితో మాటల్లేవు. నేను పోను."

"నువ్వు పోవద్దులే. నేను పోతా." వెంకటసుబ్బులమ్మ కొట్టంలోకి నడిచి పలుపులు విప్పింది. విప్పుతూ లోపల్నుంచే అంది, "ఆఫీసర్ల ముందర పరువు పోతాదని డబ్బా నీళ్ళు పోస్తిని. ఇప్పుడు కాటమరాజు ముందర చెయ్యి చాపల్నా! మంచి పనే పెట్టినావమ్మా నాకు."

"నేనూ వస్తా. నేనే అడుగుతా" అంది రేణుక, చిన్న బర్రె తాడు అందుకుంటూ.

చేలగట్టున మైలు పైనే నడవాలి. బర్రె నాలుగు అడుగులకోసారి ఆగి కంది మొక్కల మీదికి మూతి చాపుతోంది. రేణుక తాడును అరచేతికి రెండు చుట్లు చుట్టి లాగింది.

"అట్ల చుట్టుకోబాక, అది గుంజితే చెయ్యి తెగుతాది" అంది వెంకటసుబ్బులమ్మ వెనక్కి చూడకుండానే. "వదులుగా పట్టుకో."

రేణుక చుట్లు విప్పింది. ఎదురుగా కాటమరాజు చేను ఇంకా చాలా దూరంలో ఉంది.