చింతచెట్టుకు ఎదురుగా ఏడు గుంతలు

తాండూరులో కరెంటు తీగను భూమిలోకి దించిన మొట్టమొదటి మొనగాడు బండల మొగులప్ప. అదీ అరవై రెండో సంవత్సరంలో. పట్నంలో పెద్ద పెద్ద ఇంజనీర్లు ఇంకా తీగల్ని బట్టల్లాగా గాలికి ఆరేసుకుంటున్న రోజుల్లో, ఈయన ఒక్క గడ్డపార పట్టుకుని బాట పొడుగునా కాలువ కొట్టి, తీగను అందులో పడుకోబెట్టాడు. నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు. నమ్మేవాళ్లు కాస్త దగ్గరికి జరగండి.

మొగులప్పది గనుల్లో బండలు తీసే పని. బండ మీద వేలితో తట్టి, కింద ఎన్ని పొరలున్నాయో, వాటిలో ఎన్నింటికి పగుళ్లున్నాయో చెప్పేవాడు. ఆయన భార్య బీరమ్మ గనుల బాటలో, తమ ఇంటి ముందున్న చింతచెట్టు కింద జొన్నరొట్టెలు చేసి అమ్మేది. ఎండాకాలం వచ్చిందంటే చెప్పుల్లోనే కాళ్లు ఉడికిపోయే బాట అది. అంత చల్లని నీడ ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. బండ్లవాళ్లు ఎడ్లను విప్పేది ఆ నీడ కోసమే. ఎడ్లను విప్పాక మనిషి రొట్టె తినక ఏం చేస్తాడు? బీరమ్మ రొట్టెలు మాత్రమే చేసేది, గిరాకీని పిలిచే పని చెట్టుది.

స్టేషను వైపు కరెంటు అప్పటికే వచ్చింది. గనుల బాటకు రావాల్సి ఉంది. ఒకరోజు ఇద్దరు మనుషులు వచ్చి, తాడు పట్టి కొలిచి, చింతచెట్టు మొదలుకు సున్నంతో అడ్డంగా ఒక గీత గీసి వెళ్లిపోయారు.

ఆ గీత సంగతేమిటో చూసి రావాలని బీరమ్మ ప్యాసింజరెక్కి వికారాబాదులో చెల్లెలు భాగమ్మ ఇంటికి పోయింది. అక్కడి బాటల్లో స్తంభాలు ఎప్పుడో లేచాయి. సాయంత్రం తిరిగొచ్చి, నీళ్లైనా తాగకుండా మొగులప్ప ముందు నిలబడింది.

"బాట పొడుగూత చెట్లు నరికిన్రు. ఒక్క యాపచెట్టును సగం నరికి సగం ఇడిసిపెట్టిన్రు. మంగలాయన నడుమల లేసి పోయినట్టున్నది దాని తల."

"మన చెట్టును గట్ల చెయ్యరులే" అన్నాడు మొగులప్ప.

"మరి సున్నమెందుకు పెట్టిన్రు? బొట్టు పెట్టి పేరంటానికి పిలిచిన్రా?"



వారం తిరగకముందే మున్సిపాలిటీ మెంబరు పాండురంగం పటేలు, వికారాబాదు నుంచి వచ్చిన కరెంటు ఓవర్సీరు అనంతయ్య, బాటకు రెండు పక్కల ఇళ్లవాళ్లు సమావేశమయ్యారు. ఎక్కడనుకున్నారు? ఆ చింతచెట్టు కిందే. చెట్టును కొట్టడం గురించి మాట్లాడుకోవడానికి కూడా వేరే నీడ దొరకలేదు మరి.

"సారూ, తీగలు మీదికెల్లే పోవాలెనా?" అని పాండురంగం మొదలుపెట్టాడు. "నేను పట్నంల జూసిన. ఒక బజార్ల తీగ అన్నది కండ్లకు కనవడది. అంత భూమిలకెల్లే పోయింది. మనమెందుకు అట్ల చేసుకోవద్దు?"

"కనబడకపోవుడే కష్టం పటేలా" అన్నాడు ఓవర్సీరు. "మీద తెగితే కంటికి కనబడుతది, నిచ్చెన ఏసి కట్టొస్తం. కింద చెడిపోతే ఎక్కడ చెడిందని బాటంత తవ్వుకుంట పోవాలె? ఇంకోటి, మీ ఊర్ల రెండు జానల మట్టి కింద అంత బండనే. ఎవ్వరు తవ్వుతరు?"

"కంబాలు ఆ పక్కకు పాతున్రి మరి" అంది బీరమ్మ.

చెట్టుకు ఎదుటింటి గోవిందమ్మ, పొలాలూ పాడీ ఉన్న మనిషి, వెంటనే అందుకుంది. "మా వాకిండ్ల కంబాలు పాతనిచ్చేది లేదు. ముందే చెప్పినం."

"అందుకే గీత ఈ పక్కకు వచ్చింది" అన్నాడు ఓవర్సీరు చేతులు దులుపుకుంటూ.

అప్పుడు వెనక నుంచి మొగులప్ప లేచాడు. "భూమిల నుంచే పోనీయున్రి. నేను తవ్వుత."

"నువ్వొక్కనివా?"

"తాండూరు బండకు మొగులప్ప అంటే భయం సారూ. పేరు చెప్తే పక్కకు జరుగుతది."

అందరూ నవ్వారు. బీరమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె నమ్మింది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఓవర్సీరు కూడా నవ్వుతూనే షరతు పెట్టాడు. "మూడొందల అడుగుల కాలువ. మూడడుగుల లోతు, అడుగున్నర వెడల్పు, గీత గీసినట్టు సక్కగుండాలె. పది దినాలల్ల చూపెట్టు, భూమిల ఏసే తీగ కావాలని పై ఆఫీసుకు నేనే రాస్త. లేకుంటే పదకొండో దినం చెట్టు పడుతది. మల్ల నన్ననొద్దు."

మొగులప్ప తెలివితక్కువవాడేం కాదు. చెట్టు వైపు తవ్వితే వేర్లు తెగుతాయని, ఎదుటి వరసలో, గోవిందమ్మ ఇంటి ముందు మొదలుపెట్టాడు. తీగ భూమిలో పోతే వాకిలికి అడ్డం ఉండదు కదా అని ఆమె కూడా సరేనంది.

పొద్దెక్కకముందే మట్టి అయిపోయింది. బండ తేలింది. మొగులప్ప సమ్మెట ఎత్తాడు. ఎత్తిన సమ్మెట ఎత్తినట్టే ఉండిపోయింది.

కాలువకు కావలసింది అడుగున్నర. కింద ఉన్న బండ ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఒక్క పగులు లేదు, ఒక్క మచ్చ లేదు. తడిపి చూస్తే అందులో మొహం కనిపించింది. కాలువ కావాలంటే దాన్ని నడిమికి పగలగొట్టాలి. ఇరవై ఏళ్లుగా బండను అంచు విరగకుండా తీయడమే నేర్చుకున్న చేతులవి. పగలగొట్టమంటే ఒప్పుకోలేదు. సమ్మెట పక్కన పెట్టి, గడ్డపార తీసుకుని, బండ చుట్టూ సందు చేసి, నలుగురు గని దోస్తుల్ని పిలిచి దాన్ని నిండుగా పైకి లేపాడు.

గోవిందమ్మ బయటికొచ్చింది. "నా వాకిట్ల ఎల్లిన బండ నాది. అరుగుకు ఏసుకుంట."

"తీస్కో అమ్మా."

"కింద ఇంకోటున్నదా?"

మొగులప్పను ఆ మాట అడగకూడదు. వంగి వేలితో తట్టాడు. కింది పొర పైదానికంటే మేలైనది. దాన్నీ తీశాడు. దాని కిందిది చూడకుండా ఎలా ఉంటాడు?

మర్నాడు నాలుగిళ్ల అవతలి సత్యమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అన్నా, గోవిందమ్మకే తీస్తవా? మా వాకిలేం పాపం చేసింది?" మొగులప్ప వెళ్లి తట్టి చూశాడు. అక్కడా మంచి బండే. ఆ తర్వాత ఇంకొకరు, ఆ పైన ఇంకొకరు.

ఎనిమిదో రోజు బీరమ్మ రొట్టె మూట తెచ్చేసరికి బాటకు అవతలి వైపు కాలువ లేదు. ఏడు గుంతలున్నాయి. ఒక్కోదాంట్లో ఎద్దు పడుకోవచ్చు. వాటి మధ్య నేల ముట్టుకోకుండా అలాగే ఉంది. గుంతలోంచి మొగులప్ప తలగుడ్డ ఒక్కటే కనిపిస్తోంది.

"గిది కాలువనా, గనినా?"

"బండ మస్తుగున్నదే" అన్నాడు తలగుడ్డ కింది మనిషి.

"చెట్టు మంచిగ లేదా?"

రొట్టె మూట గుంత అంచున పెట్టి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. మొగులప్ప ఆ రోజు రొట్టె మూట విప్పలేదు. గుంతల్ని ఒకదానితో ఒకటి కలుపుదామని రెండు రోజులు పిచ్చి పట్టినట్టు సమ్మెట వేశాడు. గుంతల మధ్య మిగిలింది మొండి బండ. ఊడిరాదు, పగలదు. అరచేతులు బొబ్బలెక్కాయి. కలిసింది నాలుగడుగులు.

పదకొండో రోజు పొద్దున ఓవర్సీరు వచ్చాడు. వెనక నలుగురు మనుషులు, వాళ్లలో ఇద్దరి భుజాల మీద గొడ్డళ్లు. బీరమ్మ చెట్టు కింద పొయ్యి ముందు కూర్చుంది కాని పొయ్యి ముట్టించలేదు. పాండురంగం పటేలు కూడా వచ్చి, గుంతల్ని చూసి, మొగులప్ప వంక చూడలేక పక్కకు తిరిగాడు.

ఓవర్సీరు వాలకం అంతకంటే బాగా లేదు. బట్టల నిండా దుమ్ము, చేతికి గుడ్డ కట్టు. స్టేషను దిక్కు నుంచి స్తంభాలకు గుంతలు తవ్విస్తున్నాడట. ఒక్కో గుంత ఐదడుగుల లోతు ఉండాలి. మందు పెట్టి పేలుద్దామంటే పక్కనే ఇళ్లు. పది రోజులకు తయారైంది ఒకటిన్నర గుంత, వంగిపోయినవి మూడు గడ్డపారలు.

బాటకు అవతల చూసి ఆగిపోయాడు. "గివెవ్వరు తవ్విన్రు?"

"నేనే సారూ" అన్నాడు మొగులప్ప తల వంచుకుని. "తప్పయింది. కాలువ నాతోని కాలేదు."

"లోతెంత?"

"నా చెవుల దాంక."

ఓవర్సీరు చెప్పులు విడిచి గుంతలోకి దూకాడు. తల మీది టోపీ ఒక్కటే కనిపించింది. లోపలి నుంచి కేక వినిపించింది. "ఐదడుగులు దాటిందిరా!"

"మల్ల పూడుస్త సారూ, ఫికర్ చెయ్యకున్రి."

"పూడిస్తే నీ కాళ్లిరగ్గొడత! ఒక్క పిడికెడు మన్ను ఎయ్యొద్దు. ఓ యాదగిరీ, గొడ్డళ్లు ఆడ పారేసి కంబాల బండిని గీ పక్కకు తోలుమను!"

బీరమ్మ లేచి నిలబడింది. "మరి చెట్టు, సారూ?"

ఓవర్సీరు మునికాళ్ల మీద లేచి, గుంత అంచు మీదికి గడ్డం ఆనించి, ఆ చెట్టును అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "చెట్టు బాటకు అవుతలున్నది. తీగ ఇవుతల పోతది. దానితోని నాకేం పని?"

మొగులప్ప తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ఉన్నచోటే కూర్చున్నాడు.

గోవిందమ్మ మాత్రం ఊరుకోలేదు. "నా వాకిట్ల కంబం పాతనియ్య!"

"నీ వాకిట్ల ఎల్లిన బండ నీదంటివి కద అత్తా" అన్నాడు పాండురంగం పటేలు. "గుంత ఎవ్వరిది మరి?"

సత్యమ్మతో సహా బండలు తీసుకున్న ఏడిళ్లవాళ్లూ తమ బండల వంక చూసుకుని, స్తంభాల బండికి దారి వదిలారు. ఏడు గుంతల్లో నాలుగింటిలో స్తంభాలు నిలిచాయి. మిగిలిన మూడూ మొగులప్పే పూడ్చాడు. బీరమ్మ చీరకొంగు తడిపి చెట్టు మీది సున్నం గీతను రుద్ది రుద్ది తుడిచింది. ఆ తర్వాతే పొయ్యి ముట్టించింది. ఆ పూట ఓవర్సీరు అనంతయ్య చింతచెట్టు కింద కూర్చుని పదకొండు జొన్నరొట్టెలు తిన్నాడు.

"తాండూరు బండకు నీ పేరంటే భయమంటివి" అంది బీరమ్మ రొట్టె తడుతూ. "ఎవ్వరికెవ్వరంటే భయమో ఇప్పుడు తెలిసింది."

"భయం కాదే" అన్నాడు మొగులప్ప. "ఇష్టం."

నవ్వకూడదనుకుంది కాని, ఈసారి ఆమె కూడా నవ్వింది.

మరి భూమిలోకి దిగిన తీగ ఏదని అడుగుతారు. ఒక్క జానెడు తీగ కూడా దిగలేదు. దిగినవి స్తంభాల కాళ్లు. మొదట్లో నేను చెప్పింది ఉత్త గొప్ప. అలా చెప్పకపోతే మీరు దగ్గరికి జరిగేవాళ్లా? తీగలు ఇప్పటికీ గాలిలోనే ఉన్నాయి, చింతచెట్టూ ఉంది, దాని కింద నీడా ఉంది.

అది పోతే, ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటే, ఆ పదకొండు రొట్టెలు. అనంతయ్య తిన్నది మూడే. నాలుగోది వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. బీరమ్మ దాన్ని తీసి పక్కన కూర్చున్నవాడి పళ్లెంలో వేసింది. ఆ పక్కన కూర్చున్నది నేను.