తువ్వాలు ఊపిన రేవు

నేను ఒక వెదురు గెడను. ఇప్పుడు చిక్కుడుపందిరికి రాటను. ఒకప్పుడు గోదావరి నడుమనున్న మా లంకను ఒడ్డుతో కలిపింది నేనే. పేరంతా పడవకు పోయింది గానీ, నేను అడుగున ఇసుకను తన్నకపోతే అది ఎక్కడికి కదులుతుంది?

మన్యం నుంచి తెప్ప కట్టి నన్ను దించారు. రేవు నడిపే పేర్రాజు నన్ను ఏరుకుని, సెగ మీద వంపు తీసి, అడుగున ఇనుప పొన్ను తొడిగాడు.

మా రేవుకో కట్టుబాటు ఉండేది. ఏ ఒడ్డున ఎవరు తువ్వాలు ఊపినా, నడిగోదావరిలో ఉన్నా సరే, పడవ వెనక్కి తిరగాలి. ఎక్కినవాళ్లు సణిగితే, "ఉండండెహె, మనిషొత్తన్నాడు!" అనేవాడు పేర్రాజు. ఎదురునీటిలో నడుం విరిగేది నాకు. దయంతా ఆయనది, నొప్పంతా నాది.

తర్వాత వంతెన వచ్చింది, దాని మీద పట్నం బస్సు వచ్చింది. లంకంతా సంబరపడింది. ఇక విశ్రాంతేనని నేనూ సంబరపడ్డాను. వంతెన చెడ్డదని నేననను. పాము కరిచినవాళ్లు బతికి తిరిగొచ్చారు. కానీ బస్సు వచ్చిన దారినే ఒక్కొక్కటీ వెళ్లిపోయాయి. పట్నం దగ్గరయిందిగా అని బడి ఎత్తేశారు, నర్సమ్మను తీసేశారు. పడవ పొయ్యిలోకి పోయింది, నేను పేర్రాజు పెరట్లో పందిట్లోకి వచ్చాను.

మొన్న వరదకు వంతెన అవతల రోడ్డుకట్ట తెగి బస్సు ఆగిపోయింది. కరెంటు పోయి లంకలో ఫోన్లన్నీ చచ్చాయి. ఆ పొద్దునే పక్కింటి బుల్లెమ్మ కోడలికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి.

"బాబాయ్, ఎలాగోలా దాటించవా! పిల్ల తట్టుకోలేకపోతంది" అని బుల్లెమ్మ ఏడుస్తూ వచ్చింది.

"పడవేదమ్మా?" అన్నాడు ముసలి పేర్రాజు. అంటూనే నన్ను తీగతో సహా పెరికి, రేవుకు మోసుకుపోయి, కొసన తువ్వాలు కట్టి ఊపాడు. బుల్లెమ్మ కోడల్ని పట్టుకుని వెనకే నడిపించుకొచ్చింది.

ఆవలి ఒడ్డున వరద చూడ్డానికి వచ్చిన పట్నం జనం. వాళ్ల వెనకే సర్కారు మరపడవ కట్టేసి ఉంది. మేము వాళ్లకు కనబడ్డాం. ఫోన్లు పైకెత్తి, నవ్వుతూ చేతులూపారు. పేర్రాజు ఇంకా గట్టిగా ఊపాడు. వాళ్లూ ఇంకా గట్టిగా ఊపారు.

బిడ్డ ఇసుక మీదే, బుల్లెమ్మ చేతుల్లో పుట్టింది.

కట్ట పూడ్చారు. బస్సు తిరుగుతోంది. నన్ను మళ్లీ పందిట్లో పాతారు. అలసిపోయాను, నిజమే చెబుతున్నాను. తల్లీబిడ్డా బతికారు గనక, లంకకో పడవ ఉండాలన్న మాట ఎవరూ ఎత్తలేదు.