ముందు లేచినవాడి పాఠం

మా అల్లుడు కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాడు. అల్లుడైన కొత్తలో, "తత్వమంటే ఏమిటి బాబూ?" అని మాటవరసకు అడిగాను. చెప్పడం మొదలుపెట్టాడు. మనవరాలు పుట్టి పళ్లు కూడా వచ్చాయి కానీ ఆ జవాబు ఇంకా కొసకు రాలేదు.

ఈ ఏడు అతనికి కొత్త ఆలోచన పుట్టింది. ఎప్పుడూ ఒకే రకం మనుషుల ఆలోచనలేనా, అన్ని జాతుల తత్వాలూ చెప్పాలి, అదీ ఎవరిది వాళ్ల పద్ధతిలోనే చెప్పాలి అన్నాడు. ప్రిన్సిపాలమ్మ వచ్చి చూస్తానంది. ఆవిడకు నచ్చకపోతే ఆ పాఠమూ ఉండదు, అతని ఉద్యోగమూ ఉండదు.

"బెంచీలు బోసిగా ఉంటే బాగోదు మావయ్యా. వచ్చి వెనక కూర్చోండి. నోరు మాత్రం విప్పకండి."

"నన్ను నోరు మూసుకోమంటున్నాడే మీ ఆయన" అన్నాను మా అమ్మాయితో.

"ఈ ఒక్కపూటకీ మూసుకో నాన్నా, నీకు పుణ్యముంటుంది."

ఆ రోజు వంతు ఏదో ఎడారి జనానిది. వాళ్లు పాఠానికి గంట కొట్టరట. అర్థమైనవాడు లేచి వెళ్లిపోతాడు. అందరికన్నా ముందు లేచినవాడు మర్నాడు పాఠం చెప్పాలి. ఇదంతా వివరించి, "ఇసుక కదిలిపోయాక దిబ్బ పాతదేనా, వేరేదా?" అని అడిగి అల్లుడు కూర్చున్నాడు.

ఎవరూ లేవలేదు. లేస్తే రేపు చెప్పాలిగా. కాలేజీ గంట మోగింది. తర్వాతి క్లాసువాళ్లు తలుపు దగ్గర మూగారు. ప్రిన్సిపాలమ్మ లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ సర్దుకుని కూర్చుంది. మూలనున్న సాలీడు ఒక గూడు అల్లి, నచ్చక విప్పేసి, ఇంకోటి అల్లింది. నా కళ్లతో చూశాను.

నాకేమో పొద్దున తాగిన చెంబెడు నీళ్లు లోపల తొందరపెడుతున్నాయి. ఇక బిగబట్టలేక లేచాను.

"పెద్దాయనకు అర్థమైందన్నమాట" అంది ప్రిన్సిపాలమ్మ, ఎంతో మర్యాదగా.

అల్లుడు కళ్లతోనే బతిమాలాడు. "అయిందమ్మా" అని బయటికి పరుగెత్తాను.

మర్నాడు బోర్డు ముందు నిలబడ్డాను. దిబ్బల సంగతి నాకేం తెలుసు? మా తాతగారి ఇల్లు గాలివానకు ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగిపోయిందనీ, పోస్టుమాన్ ఉత్తరాలు పాతచోటే పడేస్తే అవే దారి అడుక్కుంటూ ఇల్లు చేరేవనీ చెప్పాను. కథ సగంలో ఉండగా ప్రిన్సిపాలమ్మ లేచి వెళ్లిపోయింది.

"అర్థమై లేచిందంటావా, ఒళ్లు మండి లేచిందంటావా?"

"అదే తెలియట్లేదు మావయ్యా" అన్నాడు అల్లుడు, మొహంలో నెత్తురు చుక్క లేకుండా. "రేపు పాఠం చెప్పడానికొస్తే ఉద్యోగం ఉన్నట్టు. గదికి పిలిపిస్తే ఊడినట్టు."

మర్నాడు ఆవిడ వచ్చింది. చాక్‌పీసు అందుకుంది. అల్లుడు నా చెయ్యి గట్టిగా నొక్కాడు. ఆవిడ బోర్డు మీద గుండ్రంగా ఏదో గీసి, దానివంక తనే చాలాసేపు చూసి, మావైపు తిరిగింది.

"నిన్న నేనెందుకు లేచానో మీలో ఎవరికైనా అర్థమైందా?"

ఒక్కరూ కదల్లేదు.