నోరు విప్పిన కోడుమూరు కాటా

కంప్యూటర్లు బాగుచేసే నాకు శుక్రవారం పొద్దున్నే రామలింగయ్య శెట్టి ఫోను. కోడుమూరు రోడ్డు మీద లారీలు తూచే కాటా ఆయనది.

"యామినీ, కంప్యూటరు లేయడం లేదమ్మా! బొజ్జన్న ఉల్లిగడ్డల లారీ కాటా మీదనే ఉండాది. తూకం చీటీ లేకుంటే వేలంలో ఎవురూ ధర పలకరు!"

నేను బండి మీద చేరేసరికి బొజ్జన్న లారీ చుట్టూ తిరుగుతున్నాడు. పైన మబ్బు కమ్ముకొస్తోంది.

"వానకు తడిస్తే గడ్డంతా కుళ్ళిపోతాది. ఈ పొద్దే వేలానికి అందాల. బిరీన చూడమ్మా!"

తెర నల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు. ఆ కంప్యూటరును నడిపే లినక్స్ ఇంత మూగగా ఉండదే! లేస్తూనే ఏది బాగుందో, ఏది చెడిందో వరసగా చెప్పడం దాని అలవాటు. నా పెన్‌డ్రైవుతో మిషను లేపి, అది లేచేటప్పుడు చేయాల్సిన పనులన్నీ రాసి ఉండే స్క్రిప్టు తెరిచి చూస్తే నాకు ఒళ్ళు మండింది. తప్పు ఎక్కడొచ్చినా చూపకుండా పారేయమని ప్రతి వరుస చివరా రాసి ఉంది.

"ఎవురు చేసిందిది?"

"పాత మెకానిక్కు భూపేష్. అట్ల చేయమని నేనే చెప్పినా," అన్నాడు శెట్టి మెల్లగా. "బోణీ కాకముందే ఎర్రగా తప్పులు కనపడితే అశుభం కదమ్మా."

"జ్వరమొచ్చినోడి నోట్లో గుడ్డ కుక్కితే జ్వరం తగ్గుతాదా శెట్టిగారూ?"

ఆ ముక్కలన్నీ కొట్టేసి మిషను మళ్ళీ వేశాను. వచ్చిందండీ ఎర్రటి వరుస! తూకాలు దాచుకునే డిస్కు కనబడలేదట. వెనక చూస్తే దాని వైరు ఖాళీగా వేలాడుతోంది.

"డిస్కు యాడ?"

శెట్టి నాలుక కరుచుకున్నాడు. శుక్రవారం కదా, పూజ చేద్దామని పొద్దున్నే పీకి లక్ష్మీదేవి పటం ముందర పెట్టాడట! పరిగెత్తి తెచ్చాడు. దానికి కుంకుమ బొట్టు, పైన చామంతి పువ్వు. పువ్వు తీసి, డిస్కుకు వైరు తగిలించి మిషను వేశాను.

"లేసింది! లేసింది!" అని కేకేశాను. చీటీ చేతికి రాగానే బొజ్జన్న లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. వేలం అందిందని మధ్యాహ్నం అతను ఫోను చేస్తే నాకు గంతులెయ్యాలనిపించింది.

"తప్పులు చూపనీలే గానీ, ఎర్రగా వద్దమ్మా," అన్నాడు శెట్టి. సరేనని పసుపు రంగు పెట్టాను. లేచేటప్పుడు డిస్కు కనబడకపోతే తెర మీద చూపమని, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాటలు రాశాను.

పై శుక్రవారం మళ్ళీ ఫోను. బండి తాళాలు అందుకుంటూనే ఎత్తాను.

"అమ్మా, మిషను చెప్పిందమ్మా!" శెట్టి అరుస్తున్నాడు. "'డిస్కు లేదు, దేవుని గూట్లో చూడండి' అనింది! నేను మళ్ళా మర్చిపోయినా, అది మర్చిపోలా!"