రెండోసారి ఏడుపు

కోటు చంక దగ్గర వాసన చూసి సమూయేలు మొహం పక్కకు తిప్పుకున్నాడు. పాస్‌పోర్టు ఫొటోలకని స్టూడియోలో ఉంచిన నల్లకోటు అది. రైల్వే పరీక్షకు కట్టే కుర్రాళ్ల దగ్గర్నుంచి పింఛను కోసం ఫొటో దిగే ముసలాళ్ల దాకా ఖరిదా పేటలో అందరూ అందులో చేతులు దూర్చినవాళ్లే. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరి చెమట. కాలరు మీద తలనూనె, పౌడరు కలిసి జిడ్డుగా పేరుకుపోతే గోటితో గీకి, ఆ గోటిని గోడకు రాశాడు. ఉతికితే అస్తరు ఊడిపోతుందని ఓనరు ఏనాడూ ఉతకనివ్వలేదు. ఇప్పుడు ఓనరు మంచాన పడ్డాడు, కోటు మాత్రం కొక్కేనికే ఉంది. సమూయేలు దాన్ని తగిలించి, చేతులు సబ్బుతో కడుక్కుని, లెన్సు తుడవడానికి కూర్చున్నాడు.

చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేని మనిషి సమూయేలు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. కొడుక్కి ఆ ఉద్యోగం రాలేదు. మీసం సరిగా మొలవని వయసులో ఎవరో తెచ్చి ఈ స్టూడియోలో పడేశారు, అంతే, ఇక్కడే ఉండిపోయాడు. పాతకాలపు పెద్ద కెమెరాలు మోసీ మోసీ కుడిభుజం ఎడమదానికంటే దిగిపోయింది. ఎడమకన్ను మూసి మూసి దాని చుట్టూ ముడతలు ముందే వచ్చేశాయి. ట్రాఫిక్ అని పిలిచే రైల్వే కాలనీలో, రాష్ట్రం దాటి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో బీరువా తెరిస్తే, చీరల కింద అతను తీసిన వీడియో ఒకటైనా ఉంటుంది. పెళ్లిళ్లు, చెవిపోగుల వేడుకలు, రిటైరయ్యేవాళ్లకు దండలేసి బ్యాండుతో ఇంటికి తెచ్చే ఊరేగింపులు. వాటిలో వేటిలోనూ అతను లేడు. మహా అయితే ఎక్కడో గోడ మీద అతని నీడ పడి ఉంటుంది.

చావులు కూడా తీసేవాడు. ఇక్కడ అది మామూలే. శ్రీకాకుళం వైపు ఊళ్లనుంచి చుట్టాలు రైలెక్కి వచ్చేదాకా శవాన్ని ఉంచడం కుదరదు, కడసారి చూపు దక్కనివాళ్ల కోసం వీడియో తీయించి పంపుతారు. ఆ పనికి సమూయేలు తనకు తానే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాడు. కెమెరా మీద వెలిగే ఎర్రదీపానికి నల్లటేపు అంటిస్తాడు. పని అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టడు. అన్నిటికంటే ముఖ్యం, ఎవర్నీ ఏదీ మళ్లీ చెయ్యమని అడగడు. పెళ్లిలో ఫోకస్ కుదరకపోతే పంతులు చేత అక్షింతలు రెండోసారి వేయించిన రోజులున్నాయి. చావులో కుదిరింది కుదిరినట్టు, పోయింది పోయినట్టే. ఇది అతను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

పదకొండు దాటాక ఓనరు కొడుకు అభినయ్ వచ్చాడు. వెంట ఫణీంద్ర అనే కుర్రాడు. ఇంజినీరింగు చదువుకని హైదరాబాదు నుంచి ఇక్కడికొచ్చిన ఈ ఫణీంద్ర పాటలు కడతాడు, పాడతాడు, ఫోన్లలో అతన్ని చూసేవాళ్లు చాలామందే ఉన్నారట. కొత్త పాట పోయిన తండ్రి గురించి. వీడియో అభినయ్ తీస్తున్నాడు. ఇద్దరూ ఎగ్‌రోల్సు తింటూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. సాసు కీబోర్డు మీద కారుతోంది.

"సమూయేల్‌దా, ఇలా రా. ఇది నువ్వు తీసిందే కదా?" అన్నాడు అభినయ్, అన్నా అనడానికి బదులు ఈ ఊరివాళ్ల 'దా' తగిలించి.

తెర మీద గణపతిరావు పడుకుని ఉన్నాడు. వర్క్‌షాపులో ఫిట్టరు, సమూయేలు ఇంటికి రెండు సందుల అవతల ఇల్లు. రిటైరవడానికి ఇంకా కొద్ది నెలలుందనగా పోయినేడు గుండె ఆగి పోయాడు. శవం కాళ్లు పట్టుకుని అతని కూతురు శ్రావణి ఊపుతోంది. చుట్టూ ఆడవాళ్ల చేతులు. ఆ చేతుల మధ్యనుంచి కెమెరా మెల్లగా, ఎవరికీ తగలకుండా, ఆ పిల్ల మొహం దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆగింది. పిల్ల నోరు తెరుచుకుని ఉంది, ఏడుపు ఇంకా బయటికి రాలేదు. వచ్చేదాకా కెమెరా కదల్లేదు.

"అంకుల్, ఏం జూమ్ అండీ ఇది!" ఫణీంద్ర నోట్లో ముద్ద పెట్టుకునే అన్నాడు. "గూస్‌బంప్స్ నాకు. యాక్టర్లు చచ్చినా ఇది ఇవ్వలేరు. ఇంత రా ఎమోషన్ ఉంటేనే యూత్ కనెక్ట్ అవుతారు."

ఇన్నేళ్లలో సమూయేలు పనిని ఎవరూ మెచ్చుకుని ఎరగరు. అన్నం పెట్టినచోట తిని, పెట్టనిచోట మానేసి వచ్చేసేవాడే తప్ప, ఫలానాది బాగా తీశావు అన్నమాట చెవిన పడలేదు. అందుకే కాబోలు, అతనికి తెలియకుండానే పెదవులు సాగి నవ్వాయి. ఆ నవ్వు కంప్యూటరు తెర అంచులో మసగ్గా అతనికే కనిపించింది. పక్కన గణపతిరావు ముక్కులో దూది. సమూయేలు గబగబా వెనక్కి వెళ్లి కుళాయి కింద మొహం పెట్టాడు.

తిరిగొచ్చేసరికి అభినయ్ మిగతాది చెప్పాడు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది గాని, డప్పులూ ఇంజను కూతా కలిసిపోయి ఆ పిల్ల మాట వినబడటం లేదు. అందుకని ఆ పిల్లనే రమ్మన్నాడు. ఆ రోజు అన్న మాటే మైకులో ఇంకోసారి అనేస్తే సరిపోతుంది.

"రాదు బాబూ," అన్నాడు సమూయేలు. "ఎలా వస్తాది?"

"వస్తోంది. నీ పేరు చెప్పాను, సరేనంది."

అంత రోత మాట అంత మామూలుగా చెప్పి వాడు వేళ్లు నాక్కున్నాడు.

శ్రావణి గోల్‌బజారులో చీరల కొట్టులో పనిచేస్తుంది. మధ్యాహ్నం సెలవు పెట్టుకుని వచ్చింది. ఇస్త్రీ చేసిన చుడీదారు, మొహానికి పౌడరు, కళ్లకు కాటుక, బుగ్గన చప్పరిస్తున్న గొంతుబిళ్ల. మైకే గాని ఫొటో ఉండదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. పాస్‌పోర్టు ఫొటోలు తీసే గదిలో తలుపుకు బొంత కట్టి, మోత వస్తుందని ఫ్యాను ఆపేశారు. కోటు కంపు, ఎగ్‌రోలు ఉల్లిపాయ కంపు కలిసి గదిలో ఊపిరాడటం లేదు. గొంతు ఎలా వస్తోందో వినమని సమూయేలు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి ఒక మూల కూర్చోబెట్టారు.

"ఆ రోజు నాన్నని లేపుతూ అన్నావే చెల్లీ, అదే. అంతే," అన్నాడు అభినయ్.

"అంతేనా?" అని శ్రావణి సర్దుకుని నిలబడింది. "నానా, లెగు."

కొట్టులో గుమాస్తాను పిలిచినట్టుంది. ఆమెకే తెలిసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

ఫణీంద్ర ఏదో సైగ చేశాడు. అభినయ్ తెరను ఆమె వైపు తిప్పి, చావు వీడియో పెట్టాడు. సమూయేలు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఓనరు కొడుకు ముందు లేచి నిలబడి మాట్లాడటం అతని ఒంటికి అలవాటు లేని పని, ఆ అలవాటు లేనితనం మీద అతనికే చీదర పుట్టింది.

శ్రావణి చూసింది. చాలాసేపు చూసింది.

"నాన మెడ కింద తలగడ పెట్టనేదు," అంది. "సూడు బాబాయ్, మెడ ఒంకరగా ఉన్నాది. ఆ రోజు నాను సూసుకోనేదు."

"ఇదే మూడ్, ఇదే మూడ్! అను," అన్నాడు ఫణీంద్ర.

"నానా," అంది శ్రావణి. కళ్లు తెర మీది ఆ మెడ మీదే ఉన్నాయి. "లెగు నానా."

"సూపర్! కానీ 'లెగు' వద్దు. మావాళ్లు నవ్వేస్తారు, మొత్తం ఫీల్ పోతుంది. 'లే నాన్నా' అను. వన్స్ మోర్."

శ్రావణి తలూపింది. లే నాన్నా అంది. ఇంకొంచెం ఏడుపు కలపమంటే కలిపింది. ఊపిరి లాగమంటే లాగింది. బడిలో పద్యం అప్పజెప్పినట్టు, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతూ, తండ్రిని లేపింది. హెడ్‌ఫోన్‌లో ఆమె గుటకలు మింగడం కూడా సమూయేలు చెవిలో పడుతోంది. వన్స్ మోర్ అన్న ప్రతిసారీ అతని ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. చివరికి ఆ పిల్ల వాళ్లిద్దర్నీ వదిలేసి ఇతని వైపు తిరిగింది. కాటుక కారి, పౌడరు మీద చారలు కట్టి, ఆశగా చూసింది.

"నువ్వు సెప్పు బాబాయ్. బాగొచ్చిందా? నువ్వున్నావని సెప్తేనే అమ్మ పంపింది."

సమూయేలు హెడ్‌ఫోన్ తీసేశాడు.

"సాలు తల్లీ. ఎల్దాం పద."

"అరె, ఏంటి దా?" అన్నాడు అభినయ్. "ఇంకో రెండు టేకులు, అంతే."

"సావు కాడ రెండోపాలి అడగరు బాబూ. మీ నాయిన ఎప్పుడూ అడగనేదు. నానూ అడగనేదు."

గొంతు వణికింది. ఆ వణుకును అభినయ్ వయసు ఖాతాలో వేసినట్టున్నాడు, పెద్దగా పట్టించుకోలేదు. ఫణీంద్ర వైపు తిరిగి భుజాలెగరేశాడు.

"ఠీక్ హై. ఈమె కాకపోతే ఇంకొకరు. డిస్కులో బోలెడు చావులున్నాయి, వెతుకుదాం."

నిజమే, ఉన్నాయి. ఇచ్చిన పెన్‌డ్రైవులు పాడుచేసుకుని, సంవత్సరీకాలకు మళ్లీ అడుగుతూ వస్తారని సమూయేలే ఒక్కొక్కటీ దాచిపెట్టాడు. ఊరంతా నమ్మి ఏడ్చిన ఏడుపంతా అరచేతిలో పట్టే ఆ హార్డ్‌డిస్కు నల్లడబ్బాలో ఉంది. అతను వెళ్లి దాని తీగ పీకేశాడు. తెర మీద శ్రావణి మొహం ఉన్నచోట, వీడియో దొరకడం లేదని చెప్పే ఎర్రటి పలక వచ్చింది. డబ్బాను తన టిఫినుసంచిలో, భార్య ఆలిస్ కట్టిచ్చిన కూరగిన్నె పక్కన పెట్టుకున్నాడు.

"దా, అది షాపుది!"

"సావులు సాపుయి కావు," అన్నాడు సమూయేలు. జేబులోంచి స్టూడియో తాళంచెవి తీసి కీబోర్డు పక్కన పెట్టాడు. సాసు అంటకుండా కొంచెం ఎడంగా పెట్టాడు. ఇన్నేళ్లు తెరిచి మూసిన షట్టరు కిందనుంచి తల వంచి బయటికొచ్చి, మొదట కనిపించిన బ్యాటరీ రిక్షా, టోటోలో ఆ పిల్లను ఎక్కించి ఎదురుసీటులో కూర్చున్నాడు.

రైల్వేగేటు పడి ఉంది. గూడ్సుబండి తాపీగా పోతోంది. సగం బండి పోయాక శ్రావణి నోరు విప్పింది. ఆమె గొంతులో కృతజ్ఞత ఏమీ లేదు.

"పాట సివర్న నాన పేరేస్తామన్నారు బాబాయ్."

"అలాంటి పాటలో పేరెందుకమ్మా?"

"మరెందులో వస్తాది? సెండాఫ్ అవనేదు. దండేసి ఊరేగింపు సెయ్యనేదు. నాన ఉన్న ఈడియో అంటే అదొక్కటే, అందులో సచ్చిపోయున్నాడు." ఆమె గూడ్సుబండి వైపు చూస్తూ అంది. "నువ్వు మద్దిలో ఒగ్గీసి తెచ్చీసినావు. ఇంటికెల్లి అమ్మకేటి సెప్పను?"

తాను మంచిపని చేశానని అప్పటిదాకా సమూయేలు లోపల ఎక్కడో పొంగుతున్నది చప్పున చల్లారిపోయింది.

అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. ఎవరూ అడక్కుండా, ఎవరూ లెక్కపెట్టకుండా. వ్యాగన్ల సందుల్లోంచి ఎండ ఆమె మొహం మీద పడి పోతోంది, పడి పోతోంది. చెంప మీద కాటుక చార ఒకటి మెరిసింది. నోరు తెరుచుకుంది గాని ఏడుపు ఇంకా బయటికి రాలేదు. సమూయేలు చూస్తున్నాడు. ఎడమకన్ను దానంతటదే మూసుకుంది. కొంచెం వంగితే వెనకనున్న సిగ్నలు స్తంభం అడ్డం రాకుండా ఉంటుందనిపించి కొంచెం వంగాడు కూడా. అంతలో ఒళ్లో ఏదో కదిలినట్టయి కిందికి చూసుకున్నాడు. కుడిచేతి బొటనవేలు, గాలిలో, మెల్లగా, ఎవరికీ తగలకుండా జూమ్ తిప్పుతోంది.

అతను ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. ఆ ఇద్దరు కుర్రాళ్ల మీద పొద్దుటినుంచి పోసిన అసహ్యమంతా తిరిగొచ్చి అతని నోట్లోనే చేదుగా నిండింది. ఉమ్మేద్దామంటే పక్కన మనుషులున్నారు. మింగాడు.

గేటు లేచింది. ట్రాఫిక్ మొదట్లోనే శ్రావణి దిగిపోయింది. చున్నీతో మొహం తుడుచుకుని, "ఎల్తాను బాబాయ్," అని వెనక్కి చూడకుండా సందులోకి నడిచింది. టోటోవాడు ఎక్కడికని అడిగాడు. ఎక్కడికో సమూయేలుకు వెంటనే తోచలేదు. ఎదురుసీటు మీద, ఆమె కూర్చున్నచోట, గొంతుబిళ్లల అట్ట ఒకటి పడి ఉంది. ఒక్క బిళ్ల వాడింది, మిగతావన్నీ అలాగే ఉన్నాయి.