గేటు దగ్గర చెప్పిన మాట

బస్సులో పిల్లల వయసు తగ్గించి చెప్పే తల్లులను చూపుతోనే పట్టేసే కండక్టరమ్మ ఆ రోజు పార్కులో తనే అబద్ధమాడింది. అదీ కన్నార్పకుండా.

ఆమెను మాత్రం ఏమనగలం? అప్పటికే రెండు రైడ్ల దగ్గర కూతురి చక్రాల కుర్చీ కనబడగానే చేతులూపి వెనక్కి పంపేశారు. ఎనిమిదేళ్ల ఆ పిల్లకి కళ్లూ నోరూ ఒక్కచోట నిలవవని ఇంట్లో ఉడత అని పిలుస్తారు. అలాంటి ఉడత కిక్కురుమనకుండా కూర్చుంటే తల్లికి ఒళ్లు మండిపోయింది. చిన్న రోలర్ కోస్టర్ దగ్గరికి రాగానే కుర్చీని భర్తకు వదిలేసి పిల్లను చంకనేసుకుంది.

"వద్దులేవే. ముందు అడిగి చూద్దాం," అన్నాడు భర్త.

"అడిగితే ఏమైందో చూశాంగా! నువ్విక్కడే ఉండు."

గేటు దగ్గర పనిచేసే అమ్మాయి ఆపింది. "పాప నడుస్తుందా అండీ? మధ్యలో ఆగిపోతే మెట్ల మీదుగా దిగాల్సి ఉంటుంది."

"ఎందుకు నడవదు? గారాబం ఎక్కువై చంక దిగదు, అంతే."

ఉడత, తల్లి మొహంలోకి చూసింది. తల్లి ఆ చూపును పట్టించుకోలేదు. వచ్చే ఏడాదికల్లా నడిచేస్తుందని పక్కింటివాళ్లకీ, స్కూలు టీచరుకీ చెప్పీ చెప్పీ ఆమె నోటికి ఆ మాట అలవాటైపోయింది. డాక్టరు ఇక నడవదని తేల్చేశాక కూడా మానలేదు.

బండి టకటకమంటూ పైదాకా పాకింది. కిందికి దూకబోయే ముందు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. కాసేపు అందరూ నవ్వారు. తర్వాత వెనక ఎవరో పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. కరెంటు సమస్య వచ్చిందనీ, మనిషి పైకొచ్చి ఒక్కొక్కరినీ దింపుతాడనీ మైకులో చెప్పారు.

తల్లి తొంగి చూసింది. పట్టాల పక్కన ఒక మనిషి పట్టేంత ఇనుప మెట్ల దారి. దాని కింద అంతా ఖాళీయే.

హెల్మెట్ పెట్టుకున్న మెకానిక్ ముందువాళ్లను దింపి వీళ్ల దగ్గరికొచ్చాడు. ఒడి మీది అడ్డకమ్మీ తాళం తీశాడు. "పాపను నడిపించండమ్మా. నేను ముందుంటాను."

"నేను ఎత్తుకుని దిగుతా అన్నా."

"కుదరదమ్మా. కాలు జారితే ఇద్దరూ పోతారు. నడుస్తుందని గేటు దగ్గర చెప్పారంటగా?"

వెనక పెట్టెలో ఎవరో ఆయాసపడుతున్నారని కేక వినబడి అతను అటు పరిగెత్తాడు. అతను తిరిగొచ్చేలోపే దిగిపోవాలనుకుంది తల్లి. పిల్ల చంకల్లో చేతులు వేసి లేపింది. ఉడత కాళ్లు సీటు కింద ఇరుక్కున్నాయి. తల్లి పాదం పెట్టె అంచు మీద సర్రున జారింది. ఉడత రెండు చేతులతో అడ్డకమ్మీని కరుచుకుపోయింది. తల్లి వెనక్కి సీట్లో కూలబడింది.

"వదులు తల్లీ. నీకేం కాదు."

"వదలను," అంది ఉడత. "అమ్మా, నిన్నొకటి అడగనా? కోప్పడవుగా?"

"అడుగు."

"నేను ఎప్పటికీ నడవలేనని నీకు తెలీదా? డాక్టరు నాన్నతో చెబుతుంటే నేను విన్నా. నీకు తెలీదేమో అనుకున్నా. తెలిస్తే ఏడుస్తావని చెప్పలేదు."

తను బిడ్డను కాచుకుంటున్నాననుకుంది తల్లి ఇన్నాళ్లూ. బిడ్డేమో నోరు మెదపకుండా తననే కాచుకుంటూ వచ్చింది.

"తెలుసు తల్లీ," అంది చివరికి. "నాకు తెలుసు."

మెకానిక్ తిరిగొచ్చాడు. ఆమె లేవలేదు, కళ్లూ తుడుచుకోలేదు.

"అన్నా, మా అమ్మాయి నడవలేదు. నేను అబద్ధం చెప్పాను. కాళ్లలో పట్టుండదు, నడుము దగ్గర పట్టుకోవాలి."

అతను ఆమెను ఒక్క క్షణం కోపంగా చూశాడు. తర్వాత వాకీటాకీలో మోసుకెళ్లే బెల్టూ, ఇంకో మనిషీ కావాలని చెప్పాడు. ఉడత చేతులు మాత్రం కమ్మీని ఇంకా వదల్లేదు.

"నాన్నమ్మకి కూడా తెలుసా?" అంది.

"తెలుసు."

"టీచరుకి?"

"తెలిసే ఉంటుంది."

"అయితే ఇంక నేనెవరి దగ్గరా దాచక్కర్లేదు," అని ఉడత కమ్మీని వదిలేసింది.