బావగారి నల్లి పరీక్ష

తేనెటీగల్ని పీల్చి చంపే నల్లి, వాటిని పెంచే పెట్టెల్లో ఉందో లేదో చలికాలానికి ముందే చూసుకోవాలి. మా బావ చూశాడండోయ్! గుప్పెడు ఈగల్ని సీసాలో వేసి, పంచదార పొడి చల్లి కుదిపాడు. నల్లి ఉంటే పొడితోపాటు రాలుతుంది. "ఒక్కటీ రాల్లేదు, మందు దండగ" అని మీసం మెలేశాడు.

"పిల్లలున్న పట్టు మీంచే తీశావా బావా? నల్లి చేరేది అక్కడే."

"అక్కడ చెయ్యి పెడితే కుట్టి చంపుతాయి మరదలా! పైనున్న తేనెపట్టు మీంచి తీశా."

ఆహా, ఏం తెలివి! మందు పెట్టకపోగా పెట్టెలకు దుప్పట్లు కప్పాడు, నల్లికి చలేస్తుందని కాబోలు.

చలి తగ్గాక మూతలు తీస్తే ఈగలన్నీ చచ్చిపడున్నాయి. "చలికి పోయాయి పాపం" అని నిట్టూర్చాడు.

చచ్చినవాటిని అదే సీసాలో పోసి కుదిపాను. నల్లులు జలజలా రాలాయి.

"పట్టుకో బావా, ఇవి కుట్టవులే."